గడ్డిపోచ తాకిడి

మా ఆయన వల మనిషి. గాలం పట్టుకుని ఒడ్డున కూర్చునేవాళ్లను చూసి, "కొంగలు కూసున్నయి" అని నవ్వేవాడు. ఆ ఏడు వల విసురుతుంటే తాడు చేతిలోంచి జారి, వల కాస్తా కడెం వాగులో కొట్టుకుపోయింది. పిల్లలు ఉత్త జొన్న గటక తాగి పడుకుంటున్నారు. ఇక గాలమే దిక్కు.

అడవికి పోయి వెదురు కట్టెలు కొన్ని నరుక్కొచ్చాడు. గాలానికి ఎరగా గుచ్చే వానపాము మెత్తనిది. కట్టె మొద్దుదైతే గుంజిన ఊపుకే ఊడిపోతుంది. కొస సన్నగా వంగాలి, చిన్న పరక చేప మూతి పెట్టినా ఆ కదలిక పిడికిలి దాకా రావాలి. మావాళ్లు కట్టెను ఎంచే పద్ధతి ఒకటుంది. ఒకరు కళ్లు మూసుకుని మొదలు పట్టుకుంటే, ఇంకొకరు కొసను గడ్డిపోచతో తాకుతారు. తాకినప్పుడల్లా పట్టుకున్నవాళ్లు 'ఊఁ' అనాలి.

వాకిట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను తాకాను.

"తాకుతలేవేందే?"

"తాకిన."

"అయితే ఇది చచ్చిన కట్టె. అవతల పడెయ్యి."

తర్వాతిదీ చచ్చిందే అన్నాడు. ఆ తర్వాతిదీ అంతే.

"నీకు తాకుడే రాదు. జర గట్టిగ తాకు."

వేలితో కొట్టాను. కొస ఊగింది. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

గడపలో కూర్చున్న మా అత్త, "వల పోగొట్టుకున్నోనికి కట్టెలల్ల తప్పులు దొరుకుతున్నయి" అంది.

"అత్తా, జర నువ్వు తాకు" అని గడ్డిపోచ ఆమెకిచ్చి, పారేసిన కట్టెల్లో ఒకటి తీసి పట్టుకున్నాను. అరచేతిలో చీమ పాకినట్టు తెలిసింది. 'ఊఁ' అనలేదు.

ఆయన కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"నీకు తెలిసిందా?"

"తెలిసింది."

అత్త చేతిలోని గడ్డిపోచ తీసుకుని తన అరచేతి మీద రాసుకున్నాడు. మళ్లీ రాసుకున్నాడు. బొటనవేలి కింద కాలిన బొబ్బ ఉంది. పొద్దున బీడీకి నిప్పు తీసినప్పటిది కావచ్చు, తనకే తెలియదు. పెద్దరోగం, అదే కుష్టు, ఇట్లాగే స్పర్శ పోయి మొదలవుతుందని మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"కట్టె మంచిదే. నువ్వే పో" అన్నాడు.

ఆ రోజు కొంగలా ఒడ్డున నేనే కూర్చున్నాను. సాయంత్రం పరకల పులుసు కాచాను. ఆయన తన గిన్నె తీసుకుని వాకిలి చివరకు పోయి కూర్చున్నాడు. పిల్లలు లేచి ఆయన దగ్గరికి పోబోతే, అత్త ఇద్దరినీ చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది.