ఖేడ్ అన్న మాట వెంట పన్నెండేళ్లు

మా ఊరి పేరు చివర ఉన్న ‘ఖేడ్’ అనే చిన్న మాట నన్ను పీడించినంతగా తాలూకా ఆఫీసులో ఏ ఫైలూ పీడించలేదు. డెబ్భైలలో గుమస్తాగా చేరిన ఏడాదే డైరీ వెనక పేజీలు దానికి కేటాయించాను. ఎవరు, ఏ రోజు, ఏం చెప్పారో వరుసగా రాసేవాణ్ణి.

మరాఠీలో ఖేడే అంటే పల్లె అని నాందేడ్ వైపు కండక్టర్ ఒకాయన చెప్పాడు. సంస్కృత నిఘంటువులో ఖేటం చిన్న ఊరని ఉంది. గుజరాత్ నుంచి వచ్చి బట్టల దుకాణం పెట్టిన సేటు తమ భాషలో ఖేడ్ అంటే దున్నడమన్నాడు. మన ఊరికి ఏది చెల్లుతుందో తేల్చేవాడు మాత్రం దొరకలేదు.

ఎనభైలలో హైస్కూలు హెడ్మాస్టరు వార్షికోత్సవ సంచికకు ఊరి పేరు మీద అరపేజీ రాసిమ్మన్నాడు. అచ్చయిందే పిల్లలు నేర్చుకుంటారు, తప్పు దొర్లితే ఆ తప్పు నాదే. మూడింట్లో నాకు నచ్చిన దున్నడమన్న అర్థానికి స్థానికంగా ఆధారం కావాలని ఆదివారం పక్కనున్న కల్హేర్ వెళ్లి, తొంభై దాటిన ఒక రైతును అడిగాను.

“గా జాగను అందరికన్న ముందు ఒకడు తెల్ల ఎడ్లతోని దున్నిండు. గందుకే ఖేడ్ అన్నరు. మా తాత చెప్పిండు” అన్నాడు.

సంతోషంగా తిరిగొచ్చాను. సాఫు ప్రతి రాసేముందు పాత డైరీలు సరిచూసుకుంటే, అయిదేళ్ల కిందటి ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. బస్టాండు హోటల్లో సేటు చెప్పిన అర్థం వినిపిస్తూ, వినేవాళ్లకు రుచిగా ఉండాలని మొదటి రైతునూ తెల్ల ఎడ్లనూ నేనే కల్పించి చెప్పానట. పక్కన ఎర్ర సిరాతో ‘ఊహ మాత్రమే’ అని రాసుకున్నాను. హోటల్లో మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

మరుసటి ఆదివారం డైరీ పట్టుకొని మళ్లీ వెళ్లాను. చదివి వినిపించాను. ముసలాయన బీడీ ఆర్పి నావైపు జాలిగా చూశాడు.

“నువ్వు పుట్టకముందే సచ్చిండు మా తాత. ఆయన మాట నీదెట్లయితది? నువ్వు రాస్కున్నవు, ఆయన చెప్పిండు. రెండు ఒక్కతీర్గ ఉన్నయంటే నిజమే గద. ఇగ నీకేంది పరేషాన్?”

మా వైపు ఇంటికొచ్చి అడిగినవాణ్ణి తెల్వదని పంపడం మర్యాద కాదు. నీళ్లిచ్చినట్టే జవాబూ ఇస్తారు. పైగా సేటు మాట విన్నాక ఎవర్ని అడిగినా నేను అడిగిన తీరు “దున్నుడేనా?” అని. ఆఁ అన్నారు. పన్నెండేళ్లు జవాబులు రాశాను, ఒక్కచోటా నా ప్రశ్న రాసుకోలేదు. ఏ జవాబు వాళ్లది, ఏది నేను వాళ్ల నోట పెట్టింది అని ఇప్పుడు విడదీయడం ఎవరి తరం?

మూడు భాషల మూడు అర్థాలూ రాసి, మన ఊరికి ఏది వచ్చిందో తెలియదని ముగించి హెడ్మాస్టరుకు ఇచ్చాను. ఆయన చదివి కాగితం నా వైపే జరిపాడు.

“తెల్వదని అచ్చేస్తే నవ్వుతరు సార్. గా ఎడ్ల ముచ్చట ఊర్ల అందరికి తెలుసు, అదే రాయుండ్రి.”

రాయనన్నాను. ఆయన బతిమాలాడు, నేను కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను. ఎడ్ల కథ ఆయనే రాసుకున్నాడని తర్వాత విన్నాను. ఆ సంచిక ఇప్పటికీ చూడలేదు. అడిగి తెచ్చుకోవాలనీ అనిపించలేదు.