మిట్టమధ్యాహ్నపు మాక్ ఇంటర్వ్యూ

చదువుకున్నదాన్ని, పైగా ఫిజిక్స్ చెప్పేదాన్ని. అలాంటి నేను పట్టపగలు ఒక ఇంట్లో దెయ్యం ఉందని కేకపెట్టి మరీ చాటి, ఒక పిల్ల చదువును నిండా ముంచబోయాను. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ గొంతు మీరు విని ఉంటే మాత్రం నవ్వేవాళ్ళు కాదు.

మాది బందరు. అప్పుడే గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో చేరాను. పై చదువులకు వెళ్ళాలనుకునే ఆఖరి సంవత్సరం పిల్లలకు దారి చూపించే పని నాకు అప్పగించారు. ఆ వయసులో సలహాలివ్వడమంటే నాకు బిర్యానీ కంటే ఇష్టం. ఆ పిల్లల్లో భవాని అనే అమ్మాయి హైదరాబాదులో ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. కానీ ఎదుట మనిషి ఉంటే ఆ పిల్లకు నోరు పెగలదు.

"ఖాళీ కుర్చీ వేసుకో. అందులో ప్రొఫెసర్ ఉన్నాడనుకో. నమస్కారం పెట్టి, గట్టిగా ఇంగ్లీషులో జవాబులు చెప్పు" అన్నాను.

"అలాగే మేడమ్" అని, దివిసీమలో వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది.

ఎల్లుండి ఇంటర్వ్యూ అనగా పొద్దున్నే వాళ్ళమ్మ నాంచారమ్మగారు ఫోన్ చేశారు.

"మేడమ్ గారూ, మా పిల్లకి గాలి సోకిందండీ. తలుపేసుకుని ఖాళీ కుర్చీకి దణ్ణాలు పెడతంది. మోపిదేవి గుడికి తీసుకెళ్ళేదాకా గడప దాటనివ్వనండీ. ఇంటర్వ్యూ లేదు, ఏం లేదు."

"అయ్యో, అది నేను చెప్పిందేనండీ! ఉండండి, నేనే వస్తున్నాను" అని నవ్వుకుంటూ బస్సెక్కాను.

అవనిగడ్డలో దిగి ఆటో పట్టుకునేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మే నెల. కాలువలు కట్టేశారు, అడుగున బురద ఎండి నెర్రెలు విచ్చింది. మా వైపు పెద్దవాళ్ళు దీన్నే గాలి తిరిగే వేళ అంటారు. ఆటో అతను కూడా "ఈ వేళప్పుడు లోపలికి రానండీ" అని ఊరి మొదట్లోనే దించేసి వెళ్ళిపోయాడు. వీధిలో నరమానవుడు లేడు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఒక అరుగు కింద కుక్క తలెత్తి చూసింది, నన్ను కాదు, నా వెనకాల. నేనూ వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. నా నీడ కూడా లేదు. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడ పాదాల కిందకు చేరుతుందని పాఠం చెప్పేదాన్నే, అయినా నడక వేగం పెంచాను.

నాంచారమ్మగారు వసారాలో నిలబడి, నోటి మీద వేలేసుకుని రమ్మని సైగ చేశారు.

"మెల్లగా రండి. మొన్నటిదాకా అదొక్కతే మాట్లాడేదండీ" అన్నారు గుసగుసగా. "నిన్నట్నుంచి ఇంకొకళ్ళు కూడా మాట్లాడతన్నారు."

"ఇంకొకళ్ళా? లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. కిటికీలోంచి చూశాను. కుర్చీ ఖాళీగానే ఉంది."

నా నవ్వు దారిలో ఎక్కడో దిగిపోయింది. తలుపుకు చెవి ఆనించాను. భవాని ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆగింది. అప్పుడు వినిపించింది. నూతిలోంచి వస్తున్నట్టు, ముక్కుతో సాగదీస్తూ.

"ఎందు...కు?"

భవాని తడబడుతూ జవాబు చెప్పింది.

"కా...దు. మళ్ళీ చెప్పు. హి హి హి."

ఒక్క మాట చెప్పనివ్వండి. నన్ను హడలగొట్టింది ఆ నవ్వు కాదు. భవాని కాంతి గురించి చెబుతుంటే, ఇప్పుడు రంగుల మీద అడగాలి అని నాలో నేను అనుకున్నాను. మరుక్షణమే లోపలి గొంతు "ఆకాశం నీలంగా ఎందుకుం...ది?" అంది. ఇంకో ప్రశ్న అనుకున్నాను. అదే అడిగింది! నా బుర్రలో ఉన్నది దానికెలా తెలుస్తోంది? చిన్నప్పుడు భయమేస్తే చదువుకోమని మా అమ్మమ్మ, నానీమా, నేర్పిన దువా ఎత్తుకుంటే, సగంలో న్యూటన్ సూత్రం అడ్డొచ్చింది.

"నెక్...స్ట్" అంది ఆ గొంతు, సరిగ్గా నా చెవి పక్కన.

"ఉందండీ! నిజంగానే దెయ్యం ఉందండీ నాంచారమ్మగారూ!" అని కేకపెట్టి, వాకిట్లో అప్పుడే పెట్టిన వడియాల మీదుగా పరుగెత్తి, జారి బోర్లా పడ్డాను.

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. భవాని గది తలుపూ తెరుచుకుంది. ఆమె చేతిలో ఫోను ఇంకా "హి హి హి" అంటోంది.

"ఏమైంది మేడమ్?"

"అ... అదెవరే?"

"మీరే మేడమ్! కుర్చీ ప్రశ్నలు అడగదు కదా. క్లాసులో మీరడిగినవి రికార్డు చేసుకున్నాను, అవే పెట్టుకుంటున్నా."

నా గొంతా! రేడియోలో వార్తలు చదవాల్సిన గొంతని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయిన గొంతా! ఇక నా ప్రశ్నలు దానికి తెలియడంలో వింతేముంది?

"నువ్వుండవే" అన్నారు నాంచారమ్మగారు. "అంత చదువుకున్న మేడమ్ గారే దెయ్యమన్నారు. ఆవిడకి తెలీదా? మోపిదేవి పోదాం పద."

భవాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెప్పండి మేడమ్. రేపు రైలెక్కకపోతే అంతే సంగతులు."

మూడేళ్ళ కష్టం నా ఒక్క కేకతో పోయేలా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాంచారమ్మగారూ, ఆ దెయ్యాన్ని నేనేనండీ."

"ఏదీ, అనండి."

ఊరంతా చూస్తుండగా, ఒంటి నిండా వడియాల పిండితో, వాకిట్లో నిలబడి అన్నాను. "ఎందు...కు? నెక్...స్ట్. హి హి హి."

ఎవరి చంకలోనో పసిపిల్ల ఏడుపందుకుంది. నాంచారమ్మగారు ఫోను విన్నారు, నన్ను చూశారు, మళ్ళీ విన్నారు. అప్పుడు కూతురి వైపు తిరిగారు.

"అక్కడ అడిగేవాళ్ళ గొంతులూ ఇలాగే ఉంటాయటే?"

"ఉండవమ్మా. వాళ్ళు మామూలు మనుషులే."

"అయితే వెళ్ళిరా."

భవాని వెళ్ళింది, సీటు తెచ్చుకుంది. నేను మాత్రం కృష్ణమ్మ సాక్షిగా, భౌతికశాస్త్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో మూసిన తలుపుకు చెవి ఆనించను. ఒకవేళ ఆనించినా, కేకపెట్టే ముందు లోపల ఉన్నది నేను కాదని రూఢి చేసుకుంటాను.