అత్త నోట బేజారు

నేను పుట్టింది కమలాపురం పక్కన. మా పుట్టింట్లో విసుగొస్తే విసుగొచ్చింది అనేవాళ్లం, అంతే. పెళ్లయి మంత్రాలయం దగ్గర మగ్గాలున్న ఊరికి వచ్చాకే నాకు బేజారు అనే మాట తగులుకుంది. మా అత్త పొద్దున లేస్తూనే బేజారు అనేది. కరెంటు పోతే బేజారు, చుట్టాలొస్తే బేజారు, రాకపోయినా బేజారే. కొత్తలో అదంతా నన్నే అనుకుని బియ్యం కడుగుతూ ఏడ్చేదాన్ని. పోనుపోను తెలిసింది, నిజంగా కోపమొస్తే ఆమె బేజారు అనదు. అసలు పలకదు.

పోయినేడు వానాకాలం ఆమెకు జ్వరమొచ్చింది. జ్వరం దిగింది గానీ మనిషి లేవలేదు. గంజి ఇస్తే రెండు గుటకలు తాగి గోడ వైపు తిరిగేది. చేదు మందు పోసినా బేజారు అనలేదు. డాక్టరేమో జబ్బు పోయింది, ఇక తిని తిరగాలి, లేకుంటే మనిషి నిలవదన్నాడు.

ఆ వారమే మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయింది. కొత్త పడుగు పోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. అది అత్త పని, ఇంకొకరిని చేయి పెట్టనిచ్చేది కాదు. వేరే దారి లేక, పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని నేనే కూర్చున్నాను. రెండు గంటలు వంచిన తల ఎత్తలేదు. నడుమ ఒక కొసను వదిలేసి పక్కదాన్ని అతికానని, అక్కడినుంచి అన్నీ ఒక్కో కొస పక్కకు జరిగిపోయాయని నాకు తెలియనే లేదు.

మగ్గం పక్క మంచంలో దగ్గు వినిపించింది. చూస్తే అత్త మోచేతి మీద లేచి ఉంది.

"ఏందమ్మీ, ఆ కొస అట్ల ఏలాడతాండాది? యాడ చూస్తాండావు నువ్వు?"

"యాడత్తా?"

"శానా బేజారు చేస్తాండారు ఈ ఇంట్లో. జరుగు."

గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. తప్పిన చోటినుంచి నేను అతికినవన్నీ తెంపేసింది. మళ్లీ అతుకుతుంటే ఒక్క పోగూ తప్పలేదు. పది పోగులకొకసారి బేజారు అంటూనే ఉంది. వాకిట్లో ఉన్న మా ఆయన ఆ మాట విని లోపలికొచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం సంగటి పెడితే పప్పులో ఉప్పు లేదు, బేజారు అంది. ముద్ద మాత్రం ముప్పావు తినింది. ఉప్పు తేవడానికి వంటింట్లోకి పోయినదాన్ని, ఆ బేజారు తలుచుకుని నవ్వుకుంటూ డబ్బా తీసుకొచ్చాను.