పేరు మీద వేసిన మాటు

కోరుట్లలో కంచరాయన పోయాడు. పొద్దున్నే ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "నాయిన పోయిండు సారూ," అని చెప్పింది. తర్వాత, "మీ బాయిలర్ ఈడనే ఉన్నది," అంది. చావు కబురులో ఆ రెండో మాట ఎందుకు వచ్చిందో వేరేవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

వారం తర్వాత సంతాప సభ పెట్టారు. ఒక పెద్దమనిషి ఆయనను లోహకళా తపస్వి అన్నాడు. ఇంకొకాయన ప్రజల మనిషి అన్నాడు. ఆ ఇద్దరూ ఆయన దుకాణం గడప తొక్కగా నేనెన్నడూ చూడలేదు. మొదటాయన తండ్రికి ఆ బజారులోనే ఎదురు దుకాణం ఉండేది. పోలీసులు కంచరాయనను జీపెక్కించిన రోజు తలుపులు దగ్గరికేసుకున్నవాళ్లలో ఆ తండ్రే మొదటివాడు. నాకూ మైకు ఇచ్చారు. దండం పెట్టి కూర్చున్నాను. అక్కడ నోటికి రాని సంగతి ఇక్కడ చెబుతాను.

బొక్క పడ్డ రాగి, ఇత్తడి సామానుకు రేకు అతికి మాట్లు వేయడం, అడుగులు మార్చడం, కళాయి పెట్టడం ఆయన పని. ఎవరైనా కారుతున్న పాత్ర తెస్తే ముందు దాంట్లో నీళ్లు పోసి పక్కన కూర్చునేవాడు. "బొక్క ఏడున్నదో మనుషులను అడుగద్దు, నీళ్లను అడుగాలె," అనేవాడు. తర్వాత నీళ్లు వంపి, పాత్రను బోర్లించి, అడుగును బొటనవేలితో నొక్కేవాడు. చెవి దగ్గర పెట్టుకొని వేలి కణుపుతో కొట్టేవాడు. అడుగు మెత్తబడి లొత్త పడితే, ఇక దీని పని అయిపోయింది, కొత్తది చేయించుకొమ్మనేవాడు. మోగితే మాటు వేసేవాడు. కొత్తది అమ్ముకోవడానికి పాతదాన్ని చంపిన మనిషి కాదు. ఇప్పుడు మా ఇంటికొచ్చే మెకానిక్కులు గీజరు మూతైనా తీయకుండా కొత్తది కొనుక్కోమంటారు. అలా అన్నప్పుడల్లా నాకు ఆ బొటనవేలు గుర్తొస్తుంది.

రుద్రంగి అవతల ఒక ఊరికి మావాళ్లు దొరలు. మా ఇంట్లో నీళ్లు కాగే రాగి బాయిలర్ ఒకటుండేది. నడుమెత్తు ఉంటుంది. మధ్యలో గొట్టం, అందులో మక్కజొన్న బెండ్ల మంట, చుట్టూ నీళ్లు, కింద నల్లా. కంచరాయన తండ్రి చేసింది. దాని పొట్ట మీద మా తాత పేరు, ఊరి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేవి. అప్పట్లో పేరు కొట్టించని సామాను ఎవరింట్లోనూ ఉండేది కాదు. పెళ్లిళ్లలో గిన్నెలు కలిసిపోతే పేరే సాక్ష్యం. మావాళ్లకైతే అదొక పిచ్చి. గరిటె కాడ మీద కూడా తాత పేరుండేది.

మా ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన రోజుల్లో ఊళ్లో ఇంటికి తాళమేసి జగిత్యాలకు వచ్చేశాం. రైతుకూలీ సంగం వాళ్లు ఆ తాళం పగలగొట్టి సామాను ఊరికి పంచారు. బాయిలర్, మా ఇంట్లో నీళ్లు మోసిన ఆమె వంతుకు వచ్చింది. న్యాయమే. అప్పుడూ న్యాయమే అనుకున్నాను. నేను జగిత్యాలలో లెక్చరరుగా ఉంటూ, ఆ న్యాయం గురించిన పుస్తకాలకు పాత పేపర్ల అట్టలు వేసి చదువుతుండేవాణ్ణి. కానీ ఒక సంగతి ఇప్పటికీ అడుగుతాను. పంచినవాళ్లకు చదువొచ్చు. పొట్ట మీది పేరు వాళ్లకు కనపడలేదా? దొర పేరున్న పాత్ర ఒక పేదింట్లో పోలీసుల కళ్లబడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదా? ఆ అయ్యేదేదో అయ్యాక కరపత్రం మాత్రం అచ్చుతప్పుల్లేకుండా వేశారు.

జగిత్యాలలో మా నాన్నకు పక్షవాతం వచ్చింది. పొద్దున లేస్తే కాళ్లకు కాపడానికి వేడినీళ్లు కావాలి. స్టౌ మీద గిన్నెతో అయ్యే పని కాదు. కొత్త బాయిలర్ చేయించుకు రమ్మని మా అన్న నన్ను కోరుట్ల పంపాడు.

దుకాణంలో అడుగు పెట్టగానే కనిపించింది మా బాయిలరే. చిన్నప్పుడు నేను ఎక్కి పడి వంచిన కాలు అలాగే ఉంది. అడుగున చిన్న మాటు. పొట్ట మీద, పేరు ఉండాల్సిన చోట, అరచేయంత పెద్ద మాటు. అక్కడ కారే చోటు కాదు, ఇంత మాటెందుకని అడిగాను.

"బొక్క ఉన్నది చిన్నదొరా. నీకు కనవడదు," అన్నాడు.

నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది. చదువుకున్నోనివి, నీకు చెప్తున్న అంటూ అంతా చెప్పాడు. నీళ్లు మోసిన ఆమె దాన్ని గోనెసంచిలో చుట్టుకొని తెచ్చిందట. అడుగు కారుతోంది. చూడగానే తన తండ్రి చేతి పనని ఆయనకు తెలిసిపోయింది. అడుగు నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. అయినా జన్మలో మొదటిసారి అబద్ధమాడాడు. దీని పని అయిపోయింది, నాకిచ్చెయ్యి, కరిగించి చిన్నది కొత్తది చేసిస్తానన్నాడు. కరిగితే పేరు కూడా పోతుందని ఆయన ఉపాయం. ఆమె ఒప్పుకోలేదు. ఆమె అన్న మాటను ఆమె గొంతులోనే నాకు వినిపించాడు.

"ఇరవై ఏండ్లు దీంట్ల నీళ్లు వోసిన. ఒక్క చెంబు నా నెత్తిమీద వోసుకోలే. కొత్తది నాకెందుకు? గిదే కావాలె."

ఆయన పాత్రను బోర్లించుకున్నాడు. అడుగుకు మాటు వేశాడు. పేరు మీద ఇంకో రేకు పరిచి అతికాడు. అక్కడ కూడా బొక్క పడిందని ఆమెకు చెప్పాడు; ఆమె రేపు వచ్చి తీసుకుపోతుందట. ఆమెకు చదువు రాదు. తన ఇంట్లో ఉన్నది పాత్ర అనుకుంది. అది తన మొగుడి ప్రాణం మీదికి తెచ్చే కాగితమని ఆమెకు తెలియదు.

"ఇంట్ల అనకు చిన్నదొరా," అన్నాడు. అననని మాటిచ్చాను. కొత్త బాయిలర్ కొలతలు చెప్పి బస్సెక్కాను.

ఆ సాయంత్రం నాన్న అడిగాడు, చెప్పి వచ్చావా అని. నాన్న నాతో మాట్లాడటమే అరుదు. మంచంలో పడ్డాక ఆ అరుదైన మాట కోసం నేను ఇంకా కాచుకొని ఉండేవాణ్ణి. ఆయనను కాస్త సంతోషపెట్టే కబురు నా దగ్గర ఉంది. మన బాయిలర్ కనపడిందని అన్నాను. "మనది ఉండంగ కొత్తదెందుకురా?" అన్నాడు. ఎందుకో చెప్పాల్సి వచ్చింది. ఎక్కడుందో, ఎవరిదైందో, పేరు మీద ఏముందో చెప్పాను. మా అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన అక్కడున్నట్టు నాకు తెలియదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు.

నాలుగో రోజు మా ఊళ్లోకి పోలీసు జీపు వెళ్లింది. ఆమె ఇంట్లోని బాయిలర్‌ను స్టేషన్‌కు తెచ్చి, ఉలి పెట్టి మాటు ఊడదీశారు. దాని కింద మా తాత పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఆమె మొగుణ్ణి తీసుకుపోయారు. వారం తిరగక ముందే ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో వచ్చింది. సంగం వాళ్ల కరపత్రం ఆయనను వీరుడన్నది. పోలీసులు నక్సలైటన్నారు. ఆయన రెండూ కాదు. భార్య స్నానానికి మక్కబెండ్లు ఏరుకొచ్చే మనిషి. ఆమె ఆ ఊరు విడిచి సిరిసిల్లకు పోయి, సాలోళ్ల ఇండ్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికింది.

కంచరాయనను పదకొండు రోజులు ఉంచుకున్నారు. నక్సలైట్ల దళానికి సామాను చేసిస్తున్నాడని. కుడిచేతి మూడు వేళ్లు విరిచి పంపారు. బొటనవేలు ఆ మూడింటిలో ఒకటి.

బాయిలర్ మాత్రం మా ఇంటికి మర్యాదగా తిరిగొచ్చింది. దాన్ని దించుకుంటూ మా అన్న నా భుజం తట్టాడు. "చదువుకున్నోనివి, అక్కరకొచ్చినవు తమ్మీ," అన్నాడు. మా అన్న కూడా ఇప్పుడు లేడు. అయినా రాస్తున్నాను.

రెండు నెలలకు కంచరాయన జగిత్యాల వచ్చాడు, కొత్త బాయిలర్ బస్సు మీదేసుకొని. పనివాని చేయి సాయం తీసుకొని, చెప్పిన పని చెప్పినట్టు చేసుకొచ్చాడు. వాకిట్లో దించి, నీళ్లు పోసి, ఎక్కడా కారడం లేదని చూపించాడు. నీళ్లు పోశాకనే నిప్పు వేయాలని, లేకుంటే అతుకులు ఊడతాయని మా అమ్మకు రెండుసార్లు చెప్పాడు. పేరేదని నాన్న లోపలి నుంచి అడిగాడు.

"పేర్లు కొట్టుడు బంద్ వెట్టిన దొరా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఏ పాత్ర మీదా పేరు కొట్టలేదు. వేళ్లు రాక అని ఊళ్లో అనుకున్నారు. పోయేముందు నా దగ్గర నిలబడ్డాడు. అడుగుతాడనుకున్నాను. నల్లా కొంచెం బిగువుగా ఉంటుంది, నాలుగు రోజులైతే సదురుకుంటుంది సారూ అని చెప్పి పోయాడు. ఆ రోజు నుంచి నేను చిన్నదొరను కాదు, సారును.

పాత బాయిలర్‌ను అన్న తన హాల్లో పెట్టుకున్నాడు, తాత పేరు బయటికి కనపడేలా తోమించి, అందులో ప్లాస్టిక్ పూలు పెట్టి. వచ్చినవాళ్లకు నక్సలైట్ల నుంచి దక్కించుకున్న ఆస్తి అని చూపించేవాడు. ఆయన పోయాక ఆ ఇల్లు అమ్మారు. పాత ఇనుమువాడికి వేయబోతుంటే నేను తెచ్చుకున్నాను. రెండేళ్ల కింద ఆటోలో కోరుట్లకు తీసుకెళ్లి కంచరాయన ముందు పెట్టాను. ఏం చేయాలో నీ చేతిలో పెడుతున్నానన్నాను. మాటు వేస్తావో, కరిగిస్తావో. వంకర వేళ్లతో పేరును తడిమాడు. అప్పుడు చెప్పాను, ఆ రోజు ఇంట్లో అన్నది నేనేనని.

"ఎరుకే," అన్నాడు.

ఎట్లా తెలుసని అడిగాను.

"గా మాటు సంగతి నాకూ నీకూ తప్ప ఇంకెవలకు ఎరుక సారూ?"

కోపం లేదు ఆ గొంతులో. క్షమించానని కూడా అనలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు ఏడుస్తారు. ఆయన బాయిలర్‌ను బోర్లించి, చెవి దగ్గర పెట్టి కొట్టి చూసి, "పెట్టిపో," అన్నాడు. పెట్టి వచ్చాను. మళ్లీ పోయి ఏం చేశావని అడిగే ధైర్యం రెండేళ్లలో రాలేదు.

ఫోన్ వచ్చిన రోజు పోయాను. ఇంటి వాకిట్లో, మూడు ఇటుకల మీద, బాయిలర్ మండుతోంది. ఆయన ఆఖరి స్నానానికి నీళ్లు అందులోనే పెట్టారు. పేరున్న చోట కొత్త మాటు ఉంది. అంచులు మందంగా, వంకరగా. ఇంతకన్నా అందమైన పని నేర్చుకునే కొత్తలోనే చేసి ఉంటాడు. ఎవరినీ ముట్టనియ్యకుండా ఎనిమిది రోజులు కూర్చొని చేశాడని ఆయన బిడ్డ చెప్పింది. తర్వాత, నీళ్లు మోసిన ఆమెకు సిరిసిల్లకు కబురు పెట్టాడట.

"ఆమె అచ్చింది సారూ. తడక చాటుకు దీంట్లనే నీళ్లు కాగవెట్టుకొని, తలమీదికెల్లి తానం చేసింది. తీస్కపొమ్మంటే వద్దన్నది. తడి ఎంటికెలతోని బస్సెక్కి పోయింది."

లోపల ఆయనను బల్ల మీద పడుకోబెడుతున్నారు. నల్లా కింద బిందె నిండుతోంది. నేను వంగి, కారుతుందేమోనని ఆ మాటు చుట్టూ అంచు వెంట వేలు తిప్పాను. చురుక్కుమంది. వేలు తీసి చూసుకున్నాను. ఎక్కడా తడి లేదు.