పురిటి గది వెచ్చటి గోడ

2022 డిసెంబరు 8, గురువారం. ఉదయం పదీ ఇరవైకి బందరులో రాజ్యలక్ష్మి గారి పెరటి గుమ్మం ముందు చెప్పులు విడిచాను. అంతకు యాభై ఏడు రోజుల ముందు, అక్టోబరు 12న, అదే ఇంట్లో వంటింటి పొగగొట్టం శుభ్రం చేసి, బాగుందని చెప్పి వచ్చాను. ఇప్పుడు పొయ్యి వెలిగిస్తే పొగంతా వంటింట్లోకే తిరిగి వస్తోందని ముందురోజు సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. నా పని మీద ఫిర్యాదు రావడం అరుదు. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది. ఆ రోజు ముందుగా అడ్డం పడింది ఆ గర్వమే.

మాది గుడివాడ. మా నాన్న బియ్యం మిల్లుల బాయిలర్లకు గొట్టాలు కట్టిన మేస్త్రి. ఇటుక పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పొగలేని పొయ్యిలు కట్టడంలో ఆడవాళ్ళకు ప్రభుత్వం శిక్షణ ఇచ్చిన రోజుల్లో నేనూ వెళ్ళాను. పొయ్యిలతో మొదలుపెట్టి పాత ఇళ్ళ పొగగొట్టాల మరమ్మతుల్లోకి వచ్చాను. ఇటు బందరు, అటు దివిసీమ దాకా తిరుగుతాను. చిమ్నీ అంటే ఇప్పుడు అందరికీ గ్యాస్ స్టవ్ మీద బిగించే కరెంటు పెట్టె. ఫిల్టరుకు జిడ్డు పట్టింది, ఎప్పుడొస్తారని అడుగుతూ ఫోన్ చేసేవాళ్ళు నెలకు ఇద్దరైనా ఉంటారు. నాది ఆ చిమ్నీ కాదని చెప్పి పెట్టేస్తాను. అరవై దాటాక నేను పైకప్పు ఎక్కడం మానేశాను. ఎక్కేది నాంచారయ్య. దివిసీమ మనిషి, అతనికీ యాభై దాటాయి. పద్నాలుగేళ్ళుగా నాతో పనిచేస్తున్నాడు.

రాజ్యలక్ష్మి గారి ఇల్లు కట్టి తొంభై ఏళ్ళు దాటిందంటారు. పెంకుటిల్లు. ఆ వంటింట్లోనే సరుగుడు కట్టెల మీద లడ్డూ, హల్వా చేసి ఆర్డర్ల మీద ఇస్తారు. హల్వా అంటే గంటల తరబడి మంట. ఆ పొగ పోయే దారిని ఫ్లూ అంటాం. అక్కడ ఫ్లూ పొయ్యి వెనక నేలకు రెండడుగుల ఎత్తున మొదలై, వంటింటికీ పక్క గదికీ మధ్య గోడలోంచి నిలువుగా ఇరవై రెండు అడుగులు పైకి పోతుంది. సెగ ఇటుకలకు నేరుగా తగలకుండా, వాయువు గోడలోకి ఇంకకుండా లోపల ఉండే తొడుగు లైనర్. ఆ ఇంట్లో లైనరంటే కాల్చిన మట్టి ఒరలు. బావిలో దించే ఒరల్లాంటివే, కాకపోతే లోపలి వెడల్పు తొమ్మిది అంగుళాలు, ఒక్కొక్కటి అడుగు ఎత్తు. మొత్తం ఇరవై రెండు. అటక ఎత్తున గొట్టానికి అడ్డంగా జరిపే ఇనప పలకను డ్యాంపర్ అంటాం. మంట ఉన్నంతసేపూ తెరిచి ఉంచాలి. మూస్తే వేడి లోపలే నిలుస్తుంది.

అక్టోబరులో మేము వెళ్ళేసరికి లోపల మసి రాయిలా గట్టిపడి ఉంది. తాడుకు బ్రష్షు, దాని కింద ఇనప గుండు కట్టి పైనుంచి దించడం మా పద్ధతి. మామూలుగా కట్టేది రెండున్నర కిలోల గుండు. ఆ మసికి అది చాల్లేదు. నాలుగు కిలోలది కట్టమన్నాను. మట్టి ఒరలు కదా, ఎక్కువేమో అక్కా అని నాంచారయ్య పైనుంచి అన్నాడు. మెల్లగా దించు, ఏం కాదన్నాను. ఐదు తట్టల మసి దిగింది. తాడు అడుగుదాకా అడ్డం లేకుండా వచ్చింది. పొయ్యి వెలిగిస్తే పొగ పైకి చక్కగా లాగింది. ఆ లాగుడును డ్రాఫ్ట్ అంటాం. అది బాగుందంటే గొట్టం బాగున్నట్టేనని అప్పటిదాకా నా లెక్క. పుస్తకంలో అన్నీ రాసుకుని పామర్రు బస్సెక్కాను.

డిసెంబరులో ఆ వంటింట్లో అడుగుపెట్టగానే కళ్ళు మండాయి. రాజ్యలక్ష్మి గారు మొహం మీదే అనేశారు.

"మీరు కడగకముందే నయమండీ గొట్టాలమ్మ గారూ. అప్పుడు సగం పొగైనా పైకి పోయేది."

ఆవిడ తొందర ఆవిడది. కూతురు శిరీష పురిటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టి ఆ రోజుకు పదిహేడో రోజు. ఇరవై ఒకటో రోజున, సోమవారం, బారసాల. హల్వా ఇంట్లోనే చెయ్యాలి. నేను కట్టెలు పచ్చివేమోనన్నాను. ఆవిడ ఒకటి చీల్చి చూపించారు, లోపలిదాకా ఎండి ఉంది. గొట్టం మీద కాకి గూడు పెట్టి ఉంటుందన్నాను. నాంచారయ్య పైకెక్కి చూసి గూడూ లేదు, గుడ్డూ లేదన్నాడు. తప్పు నాది కాకుండా ఉండాలని కారణాలు వెతుకుతున్నానని అప్పుడు నాకు తోచలేదు.

డ్యాంపర్ తెరిపించి, నాంచారయ్యను టార్చి వేసి లోపలికి చూడమన్నాను. పంతొమ్మిది అడుగుల కింద, ఇరవయ్యో ఒర దగ్గర, అంచు వంకరగా ఉందన్నాడు. నేను పుస్తకం తీసి అక్టోబరు 12 పేజీ చూశాను. నా రాతే. "మసి తట్టలు 5. పెంకు ముక్కలు 3, అరచెయ్యంత. ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు."

పెంకు అంటే మనకు ఇంటి మీద కప్పేదీ పెంకే, పగిలిన కుండ ముక్కా పెంకే. పెంకుటిల్లు కాబట్టి పైకప్పు నుంచి పడ్డవేననుకుని ఆ మాట రాసి వదిలేశాను. కప్పు పెంకు గొట్టంలో పడి ఉంటే అన్ని పక్కలా మసి పట్టాలి. ఒక పక్కే నల్లగా ఉండి, రెండో పక్క శుభ్రంగా ఉందంటే అది ఒర ముక్క. అప్పుడే పగిలిన ముక్క. కొలత రాశాను, రంగు రాశాను, అర్థం మాత్రం చూసుకోలేదు.

ఇరవయ్యో ఒర అంటే నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తు. ఇటువైపు వంటిల్లు. గోడకు అటువైపు ఏముందని అడిగాను. పురిటి గది అన్నారు రాజ్యలక్ష్మి గారు. ఒక్కసారి ఆ గోడ చూడాలన్నాను. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. మసి బట్టలతో పరాయివాళ్ళు పసిబిడ్డ దగ్గరికి రాకూడదన్నారు. అది సబబే. సరే, గోడ వెచ్చగా ఉంటుందా అని అక్కడినుంచే అడిగాను. ఆవిడ మొహంలో కోపం పోయి సంతోషం వచ్చింది.

"వెచ్చగా ఉంటుందనే కదండీ ఆ గదిలో పడుకోబెట్టింది. మా అత్తగారి పురుళ్ళూ, నా రెండు పురుళ్ళూ ఆ గోడ పక్కనే. ఈసారి ఇంకా బాగా కాగుతోంది. రాత్రికి చల్లారకుండా నిప్పులు అలాగే ఉంచి పలక మూసేస్తున్నాను."

పలక ఎనిమిది అడుగుల ఎత్తున ఉంది. పగులు దాని కింద ఉంది. నివురుగప్పిన నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పైదారి మూసేస్తే అది పగులు వెతుక్కుంటుంది. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉంటారని అడగక్కర్లేకుండానే తెలుసు.

శిరీషకు ఒంట్లో ఎలా ఉందని అడిగాను. వారం రోజులుగా తలనొప్పి, వికారం అన్నారు. బాలింత వాతమని ఘాటైన కారం పెడుతున్నారట. స్నానానికి పెరట్లోకి వచ్చినప్పుడు కాస్త తేలికపడుతుందట. మరి బాబు?

"వాడు బంగారం. ఏడుపే లేదు. పాలకు కూడా మనమే లేపాలి."

నా పనిలో అంత భయపెట్టిన మాట ఇంకోటి వినలేదు. గొంతు పెంచితే ఆవిడ బిగుసుకుపోతారని మామూలుగానే చెప్పాను.

"నేను లోపలికి రాను రాజ్యలక్ష్మి గారూ. వాళ్ళిద్దరినీ బయటికి రమ్మనండి. ఇప్పుడే."

"ఈ చలిగాలిలోకా? బాలింతనండీ."

"గోడలోంచి విషం వస్తోందమ్మా. పొగ కాదు, కనపడదు. ఆ తలనొప్పి దాని వల్లే. బాబు నిద్ర కూడా."

ఆవిడ కదల్లేదు. నమ్మలేదని కాదు. మూడు తరాల పురుళ్ళు జరిగిన గది అది, ఆవిడ చేతుల్తో కాచిన గోడ అది. ఆ మాట లోపలికి పట్టడానికి వ్యవధి కావాలి. అప్పటికి నాంచారయ్య నిచ్చెన దిగి పొయ్యిలోని నిప్పుల్ని ఇనప తట్టలోకి లాగి పెరట్లోకి మోసుకుపోతున్నాడు. ఇంతలో తలుపు లోపలినుంచే తెరుచుకుంది. మాటలన్నీ శిరీష విన్నది. చెవులకు గుడ్డ కట్టుకుని, బిడ్డను గుండెకు హత్తుకుని గడప దాటి రెండడుగులు వేసి తూలింది. బిడ్డను నేను అందుకున్నాను. మసి చేతులు. రాజ్యలక్ష్మి గారు కూతుర్ని పట్టుకున్నారు.

బాబు తల నా చేతి మీద బరువుగా వాలిపోయింది. వరండాలో ఎండ పడేచోట కూర్చుని వాచీ చూశాను, పదకొండూ అయిదు. నాంచారయ్య వీధిలోకి పరిగెత్తి ఆటో తెచ్చాడు. డాక్టరుకు ఏ వాయువో చెప్పాలి కనుక నేనూ ఎక్కాను. శిరీష బాబు అరికాలు గోకుతూ, పేరు ఇంకా పెట్టలేదు కాబట్టి నాన్నా, నాన్నా అని పిలుస్తూనే ఉంది. పదకొండూ పదహారుకు బాబు ఏడ్చాడు. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. రాజ్యలక్ష్మి గారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు, రక్తం పరీక్ష చేశారు. నేను చెప్పిన వాయువే. గది దాటితే తగ్గే తలనొప్పిని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదని డాక్టరమ్మ చెప్పారు. రెండు రోజులు ఉంచుకుని పంపారు.

ఆ మధ్యాహ్నం వార్డు బయట బల్ల మీద రాజ్యలక్ష్మి గారి పక్కన కూర్చున్నాను. పుస్తకం తీసి ఆ పేజీ ఆవిడ చేతికిచ్చాను. నాలుగు కిలోల గుండు సంగతీ, పెంకు ముక్కల సంగతీ చెప్పాను. ఆ ఒర పగలడానికి కారణం నేనేనని, ముక్కలు చేతిలో పట్టుకుని కూడా గుర్తుపట్టలేదని చెప్పాను. ఆవిడ పేజీ అంతా చదివారు. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టారు.

"పగలగొట్టింది మీరు," అన్నారు. "పడుకోబెట్టింది నేను."

తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, గొట్టం బాగుచేసేది కూడా మీరేనండీ, ఇంకొకళ్ళని నేను రానివ్వను అన్నారు.

బారసాల అనుకున్న రోజునే జరిగింది. హల్వా పెరట్లో రాళ్ళ పొయ్యి మీద చేశారు. 14వ తేదీన పని మొదలుపెట్టాం. ముందు స్మోక్ టెస్ట్, అంటే కింద తడిగడ్డి రగిలించి, పైన గొట్టం మూసి, పొగ ఎక్కడ బయటపడుతుందో చూడటం. పురిటి గదిలో నేల నుంచి నాలుగడుగుల నాలుగంగుళాల ఎత్తున, సున్నం మీద వెంట్రుకంత గీత వెంట ఏడంగుళాల పొడవున పొగ ఊరింది. గచ్చు కొట్టి చూస్తే ఇరవయ్యో ఒర నిలువునా చీలి, లోపలికి ఒరిగి దారికి అడ్డం పడి ఉంది. పొగ వంటింట్లోకి తిరిగొచ్చింది అందుకే. అంత గీతలోంచి వచ్చింది, ఇద్దరి ప్రాణాల మీదికి. విజయవాడలో స్టీలు గొట్టం చేయించాను, ఏడంగుళాల వెడల్పుది. మూడడుగుల ముక్కలు ఏడు, అడుగు ముక్క ఒకటి. పగిలిన ఒర తీసేసి, స్టీలుది పైనుంచి దించి, చుట్టూ అంగుళం ఖాళీని సున్నం, ఇటుక పొడితో నింపాం. 17న మళ్ళీ పరీక్ష చేస్తే గోడ మీద ఎక్కడా పొగ ఊరలేదు. రాజ్యలక్ష్మి గారు అరచెయ్యి ఆనించి చూసి, ఇక ఇది వేడెక్కదా అని అడిగారు. ఇక మీదట వేడెక్కితే నాకు ఫోన్ చెయ్యమన్నాను. నిప్పులు ఉండగా పలక మూయనని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నది నేను కాదు, శిరీష.

అప్పటిదాకా నేను గొట్టాన్నే చూసేదాన్ని. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఎన్ని తట్టలు. అవన్నీ ఇప్పటికీ రాస్తాను. కానీ తాడు విప్పకముందు ఒక ప్రశ్న అడిగి, జవాబు మొదటి వరుసలో రాస్తున్నాను: ఈ గోడకు అవతల ఎవరు పడుకుంటారు? మొన్న అవనిగడ్డలో ఒక పెద్దాయన నవ్వారు, గొట్టం కడగమంటే పడకల లెక్క అడుగుతారేంటండీ అని. గోడ అవతల ఆయన తల్లిగారు పడుకుంటారట, ఎనభై ఎనిమిదేళ్ళు. ముందు ఆవిడ మంచం వరండాలోకి జరిపించాను. ఆ తర్వాతే నాంచారయ్య నిచ్చెన వేశాడు.