ఉత్తర దిక్కుకు బేరమాడిన సాయంత్రం

పటమటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ విభాగాధిపతిగా అది నా ఆఖరి సంవత్సరం, నవంబరు నెల. విభాగాధిపతి అంటే పెద్ద హోదా అనుకోకండి. ఆ విభాగంలో నేను కాక ల్యాబ్ అసిస్టెంట్ మేరీ రత్నం గారు ఒక్కరే. తనిఖీకి వచ్చే యూనివర్సిటీ అధికారికి కొత్త టెలిస్కోపులో శనిగ్రహం చూపించే బాధ్యత నాకు అప్పగించారు. అది సవ్యంగా జరిగితే రిటైరయ్యాక మరో ఏడాది పొడిగింపు ఇస్తామని కాలేజీ యజమాని కరస్పాండెంట్ గారు మాటిచ్చారు.

టెలిస్కోపులో గొట్టం అలంకారం, పనంతా దాన్ని మోసే మౌంటుది. మాది ఈక్వటోరియల్ మౌంటు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి గ్రహం కంటి ముందు నుంచి జారిపోతుంది. మౌంటు ఇరుసును ఆకాశపు ఉత్తర ధ్రువానికి గురిపెడితే చిన్న మోటారు గ్రహాన్ని కంటి ముందు నుంచి కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇరుసు ఎత్తును బెజవాడ అక్షాంశానికి, అంటే పదహారున్నర డిగ్రీలకు బిగించాలి. ఆ తర్వాత స్టాండును ధ్రువనక్షత్రం వైపు తిప్పాలి.

తనిఖీకి ముందురోజు మసక చీకట్లో, కాలేజీ మేడ మీద, ఉత్తరాన గుణదల వైపు ధ్రువనక్షత్రం కనబడగానే గురిపెట్టాను. స్టాండు మేడ పిట్టగోడకు ఎనిమిది డిగ్రీలు వంకరగా నిలిచింది. కరస్పాండెంట్ గారు వచ్చి చూశారు. కంకిపాడు పొలం అమ్మి, వాస్తు సిద్ధాంతిని పక్కన పెట్టుకుని కట్టించిన గోడ అది, ఉత్తరానికి కచ్చితంగా ఉందని సెలవిచ్చారు.

"నక్షత్రం సంగతి నాకు తెలీదు మాస్టారూ. వచ్చినాయన మన గోడ వంకరనుకోకూడదు."

నేను వన్‌టౌన్ కొట్లలో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మొదటి ధరకు ఊపిరి కూడా పీల్చేవాళ్లం కాదు. నక్షత్రం ఎనిమిదంటోంది, గోడ సున్నా అంటోంది. స్టాండును నాలుగు దగ్గర తెగ్గొట్టాను. ఇరువర్గాలకూ గౌరవంగా ఉంటుందని నా లెక్క.

"మీరిద్దరూ ఒప్పుకున్నారు, బానే ఉంది సార్. నక్షత్రం ఒప్పుకుందాండీ?" అన్నారు మేరీ రత్నం గారు. బేరాల్లో నాకున్న అనుభవం గురించి ఆవిడకు వివరించాను.

మర్నాడు సాయంత్రం శనిని సరిగ్గా మధ్యలో నిలిపాను. కరస్పాండెంట్ గారు పది నిమిషాలు స్వాగతం పలికారు. అధికారి వంగి చూస్తే నల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు. మబ్బు అడ్డొచ్చిందన్నాను. మబ్బు తునక లేదని ఆయనకూ కనబడుతూనే ఉంది. మళ్లీ మధ్యలోకి తెచ్చాను. ఈలోగా శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, గ్రహం మళ్లీ జారిపోయింది.

"మీ శనీశ్వరుడికి నాకంటే తొందర పనులున్నట్టున్నాయండీ" అంటూ ఆయన టిఫిన్‌కు కిందకు దిగారు.

మేరీ రత్నం గారు స్టాండు మీద చెయ్యి వేసి, "పొడిగింపు మీది సార్. ఇది పనికిరాదని ఆయన రాసి పోతే, పిల్లలకు చూపించకుండా గుడ్డ కప్పి ఉంచాల్సింది నేను. తిప్పమంటారా?" అన్నారు.

ఇద్దరం కలిసి తిప్పాం. ధ్రువనక్షత్రం ఇరుసు గురిలో పడేదాకా మరలు సరిచేశాను.

అధికారి తిరిగొచ్చి వలయంతో సహా శనిని చూశారు. కరస్పాండెంట్ గారి వందన సమర్పణ పావుగంట సాగింది. అది అయ్యాక మళ్లీ చూస్తే శని అక్కడే ఉంది. ఆ ఉపన్యాసాలకు శాస్త్రీయ ప్రయోజనం కనిపించింది ఆ ఒక్కరోజే. స్టాండు వంకరగా పెట్టారేమని ఆయన అడిగారు. స్టాండు తిన్నగానే ఉందండీ, భవనమే ఎనిమిది డిగ్రీలు పక్కకుంది అన్నాను. కరస్పాండెంట్ గారు ఫోను తీసి చూసుకున్నారు, అది మోగలేదు.

అధికారి నివేదికలో ల్యాబ్‌ను మెచ్చుకున్నారు. సిద్ధాంతి గారు మళ్లీ వచ్చి, గోడ మనుషులకు సరైనదని, నక్షత్రం యంత్రాలకు సరైనదని తేల్చారు. పొడిగింపు మాత్రం నాకు రాలేదు.

కొలతలో తేడా వచ్చినప్పుడు సగానికి సర్దకూడదు. ఏది కదలదో చూసుకుని, కదిలేదాన్ని కదపాలి. మా మేడ మీద నక్షత్రం, గోడ, యజమాని కదలరు. కదిలేవి స్టాండు, నా ఉద్యోగం.