ఒక సహోదరి కోసం

ఒక ఆదివారం చర్చిలో అందరూ పాట అందుకుంటే నేను పుస్తకం మూసేశాను. చిన్నప్పటినుంచి పాడుతున్న కీర్తనే. మాటలన్నీ గుర్తున్నాయి, పాడాలనే లేదు. అమ్మ పోయాక నేరేడ్‌మెట్ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ తర్వాత నిద్ర పట్టడం మానేసింది, ఆకలి పోయింది. బడిలో పిల్లల్ని ఊరికే కసిరేదాన్ని.

థైరాయిడ్ అనుకున్నాను. టెస్టులన్నీ నార్మల్. "ఇంట్లో ఎవరెవరుంటారు మేడమ్?" అని అడిగింది డాక్టరమ్మ. "చాలామంది ఉన్నారండీ" అన్నాను. నా లెక్కలో వాట్సాప్ ప్రార్థన గ్రూపువాళ్లే ఆ చాలామంది. పొద్దున వాక్యం, సాయంత్రం ప్రార్థన మనవులు. ముఖాలు తెలియకపోయినా నాకు మిగిలిన బంధువులు వాళ్లే. ఆమె నమ్మినట్టు లేదు, సైకియాట్రిస్టుకి రాసిచ్చింది. "ఇది డిప్రెషన్. మందులు మధ్యలో మానకండి" అన్నాడాయన.

మానేశాను. మాత్రలు మింగడం అవిశ్వాసమని గ్రూపులో ఒకాయన రాస్తే అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. వాళ్లలో ఒకదాన్ని అనిపించుకోవాలని అంత ఆశ!

కొన్ని వారాలకే బతకాలని లేకుండా పోయింది. నలుగురికీ ధైర్యం చెప్పే టీచర్ని, నా పేరెలా పెట్టను? మాలో ఇలాంటివి పేరు లేకుండా రాయడం మామూలే. "ఒక సహోదరి చాలా నిరాశలో ఉంది, ప్రార్థించండి" అని రాశాను. వరసగా ఆమెన్‌లు, జోడించిన చేతులు. ఎవరా సహోదరి అని ఒక్కరూ అడగలేదు. అంతమంది మధ్య అంత ఒంటరితనం నేనెన్నడూ ఎరగను.

మర్నాడు కాప్రా నుంచి సుగుణక్క ఫోన్ చేసింది. ఆమె కూడా గ్రూపులో ఉందంతే, ఏనాడూ మాట్లాడుకున్నది లేదు.

"టీచరమ్మా, గా సిస్టర్ ఇల్లెక్కడ? జెర చెప్పు, పోయి చూసొస్త."

అబద్ధం తోచలేదు. మా ఇంటి అడ్రసే చెప్పాను.

తలుపు తీస్తే నా భుజం మీదుగా లోపలికి చూసింది. "ఏదమ్మా ఆమె?"

"నేనే అక్కా" అని ఏడ్చేశాను.

అక్కడే ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాను. "గిట్ల ఒక్కదానివే పరేషాన్ అయితున్నవా? చెప్పులేసుకో. ఆటో ఇంకా పోలే, డాక్టర్ దగ్గరికి పోదాం" అంది.

మందులు మళ్లీ మొదలయ్యాయి. "ఈసారి టైం పడుతుంది" అన్నాడు డాక్టరు. పట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు మంచం దిగబుద్ధి కాదు. పాట ఇంకా రాలేదు. ఆదివారాలు సుగుణక్క మా చర్చికి వచ్చి శ్రుతి లేకుండా పాడుతుంది, పక్కన నిలబడి వింటాను.

గ్రూపులో ఇంకా ఉన్నాను. మీరూ ఉండండి, తప్పు లేదు. కానీ ఆమెన్ పెట్టేవాళ్లకి పేరు అక్కర్లేదు, ఆటో ఎక్కి వచ్చేవాళ్లకి కావాలి. బాగాలేనిది మీకైతే 'ఒక సహోదరి' అనకండి. మీ పేరు రాయండి.